పద్యము - ప్రచారసాధనములు

1907వ సంవత్సరమున బిపిన్ చంద్రపాలు రాజమహేంద్రవరమునకు వచ్చి స్వదేశోద్యమమును గూర్చి యుపన్యసించెను. ఆ యింగ్లీషు ప్రసంగమును సభవారికిఁ దెలుఁగున వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. ఆ సందర్భమున వారొక తేటగీతిని జెప్పిరి. దేశమును పాడియావుతోను, ప్రజలను ఆఁకలిగొన్న దూడలతోను, పాలకులను పాలన్నియుఁ దామే పిదుకుకొనిపోవు గొల్లలతోను బోల్చిన పద్యమది. నాలుగు పాదములు మాత్రమే. అయినను అది సభ దాటి, పట్టణము దాటి, కొలఁదికాలములోనే యాంధ్రదేశ మంతటను వ్యాపించెను. వార్తాపత్రిక చేరని పల్లెకు నది చేరెను. అక్షరములు రానివారి నోటను నిలిచెను.

ఈ వ్యాప్తికిఁ గారణమేమి? ఆ కాలమున నాంధ్రదేశమున రేడియో లేదు. మాటాడు చిత్రము లేదు. ముద్రణాలయములు గలవు గాని వానిపైఁ బ్రభుత్వపుఁ గన్ను గలదు. నాటకప్రదర్శనములను నిషేధించుటకు 1876లోనే చట్టము పుట్టినది. ముద్రణమును నిర్బంధించు చట్టము 1910లోను, చలనచిత్రములను శాసించు చట్టము 1918లోను వచ్చినవి. ఇవి యన్నియు యంత్రమునో, కాగితమునో, ప్రదర్శనస్థలమునో పట్టుకొని శాసించునవి. నోటినుండి నోటికిఁ బోవు పద్యమునందు స్వాధీనపఱచుకొనఁదగిన వస్తువేదియు లేదు. అచ్చటఁ బద్యము తానే కళ, తానే ప్రచారసాధనము.

కళకును, దానిని జనులయొద్దకుఁ గొనిపోవు సాధనమునకును, దానిని స్వీకరించు సంఘమునకును గల సంబంధమును విచారించుటకుఁ దెలుఁగుపద్యముకంటె మేలైన యుదాహరణము దొరకుట యరిది. ఏలయన, 9వ శతాబ్దినాఁటి పండరంగని యద్దంకిశాసనములోని తరువోజ మొదలుకొని నేఁటివఱకు పద్యము ఱాతిపలక, తాళపత్రము, పౌరాణికుని కంఠము, అచ్చుపుస్తకము, రంగస్థలము, గ్రామఫోను ఫలకము, రేడియో, చలనచిత్రము అను సాధనముల నన్నింటిని జూచినది. ఇంతకాలమునను ఛందస్సు మాఱలేదు. ఉత్పలమాల నన్నయనాఁడును నేఁడును పాదమునకు 20 అక్షరములు గలదియే. యతిస్థానము 10వ యక్షరమే. వస్తువు మాఱక దానిని మోయు వాహనము మాత్రమే మాఱినపుడు వాహనము చేసిన మార్పు స్పష్టముగాఁ గానవచ్చును.

తాళపత్రము, పౌరాణికుఁడు

యతిప్రాసలను విద్యార్థులు సాధారణముగా నలంకారములుగా భావింతురు. అవి మొదట జ్ఞాపకశక్తికిఁ బట్టుగొమ్మలు. ప్రాసాక్షరము నాలుగు పాదములను ముడివేయును. యతి పాదముయొక్క రెండుభాగములను గలుపును. పాదమధ్యమున నొక పదమును మఱచినవాఁడు యతినిబట్టి దాని తొలియక్షరమును దిరిగి పట్టుకొనఁగలఁడు. గణనియమము మఱియొక కాపుదల. వ్రాయసకాఁడు తాటియాకుమీఁద నొక యక్షరమును విడిచెనేని చదువువాని చెవికి వెంటనే గణభంగము తోఁచును. తాళపత్రములలోఁ బద్యములు పాదవిభాగము లేక, పదములనడుమ నెడము లేక, గొలుసువలె వ్రాయఁబడియుండును. పాదమెక్కడ ముగిసెనో కంటికిఁ దెలియదు, చెవికే తెలియును. కావునఁ దాళపత్రము మౌనముగాఁ జదువుకొనుటకుఁ గాక, చదివి వినిపించుట కేర్పడిన సాధనము.

వినిపించువాఁడు పౌరాణికుఁడు. దేవాలయమండపముననో, రచ్చకట్టమీఁదనో భారతమునో భాగవతమునో విప్పి, పద్యమును రాగయుక్తముగాఁ జదివి, యన్వయము చెప్పి, తాత్పర్యము చెప్పి, నాఁటి యూరి సంగతులతో దానికి ముడివెట్టెడివాఁడు. వినువారిలో నొకఁడు "అదెట్లు?" అని యడుగును, మఱియొకఁడు తలయూఁచును, వేఱొకఁడు కునుకుపాట్లు పడును. పౌరాణికుఁడు వారి ముఖములను జూచి వ్యాఖ్యానమును బెంచును, కుదించును. ఇచ్చటఁ బద్యము, దాని యర్థము, వినువాని ప్రతివచనము అను మూఁడును ఒక్కచోట నుండినవి. అభినవగుప్తుఁడు లోచనారంభమున సరస్వతీతత్త్వమును గవియు సహృదయుఁడును గూడినదిగాఁ బేర్కొన్నాఁడు. సహృదయుఁడు కేవలము పుచ్చుకొనువాఁడు కాఁడు. కావ్యము పూర్తియగుటకుఁ గావలసినవాఁడు. పౌరాణికుని రచ్చకట్ట యీ సిద్ధాంతమునకుఁ బ్రత్యక్షనిదర్శనము.

అంతమాత్రమున నా కాలము సర్వోత్తమమని తలఁపరాదు. పౌరాణికుని యెదుట నందఱికిని సమానమైన చోటు లేదు. నాట్యమును సర్వవర్ణములవారికిని పనికివచ్చు పంచమవేదముగా బ్రహ్మ సృజించెనని నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయమునఁ జెప్పుచున్నను, ఆచారము శాస్త్రవాక్యము ననుసరింపలేదు. కులము కారణముగా మండపమునకుఁ దూరముగా నుంచఁబడినవారు పురాణమును దూరమునుండియే వినవలసి వచ్చెను. పలువురకు వినుటకును వీలు లేకపోయెను. పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమునకు ద్విపదను, జానుతెనుఁగును స్వీకరించుటలో నీ లోపమును గూర్చిన యెఱుక గలదు. అందఱును గలసి పాడుకొనుటకు వీలైన గాని కావ్యము సామాన్యజనులను జేరదని యాతఁడు గ్రహించెను. కళ యెవరికొఱకు, ఏ రూపమున, అను చర్చ అచ్చుయంత్రము పేరు వినని కాలముననే తెలుఁగున నుండెననుట గమనింపఁదగినది.

అచ్చు

19వ శతాబ్ది ప్రథమభాగమున మద్రాసులోఁ దెలుఁగుముద్రణము స్థిరపడెను. కాంబెలుదొర తెలుఁగువ్యాకరణము 1816లో వెలువడెను. సి. పి. బ్రౌను వేమనపద్యములను బెక్కు వ్రాఁతప్రతులనుండి సేకరించి, పండితులచేఁ బాఠములను బోల్చి చూపించి, 1829లోఁ బ్రకటించెను. అటుపిమ్మట 1853లోఁ జిన్నయసూరి నీతిచంద్రికయు, 1858లో బాలవ్యాకరణమును వచ్చినవి. 1854లో నెలకొన్న వావిళ్లవారి ముద్రణాలయము కావ్యములను టీకాతాత్పర్యములతో నింటింటికిఁ జేర్చెను.

అచ్చువలనఁ గలిగిన మేలు గొప్పది. వేమన యాటవెలఁదులు జనుల నాలుకలమీఁద నుండినను, పండితగోష్ఠిలో వానికిఁ దగినచోటు చిరకాలము లభింపలేదు. అచ్చుపుస్తకమైన పిమ్మట వానిని గాదనుట కష్టమయ్యెను. చెదపురుగుల పాలు గావలసిన గ్రంథములు నిలిచినవి. ఒక పద్యమును గూర్చి గుంటూరిలో నొక పండితుఁడును గడపలో నొక పండితుఁడును వాదించుకొనునపుడు ఇద్దఱియెదుటను ఒకే పాఠ ముండుట సాధ్యమయ్యెను. పరిశోధన మనునదియే యచ్చుమీఁద నాధారపడి పెరిగినది.

నష్టమును గలదు. నోటఁబడి నలిగిన పద్యమునకుఁ బాఠాంతరము లనేకములు. వానిలోఁ బరిష్కర్త యెన్నుకొన్నదే యచ్చులో నిలిచి తక్కినవి తప్పులుగాఁ బరిగణింపఁబడెను. వేమన విషయమున నిది మఱింత స్పష్టము. ఏలయన, ఆ పద్యములలో జనులు తమ యనుభవమును జేర్చుచు, మార్చుచు వచ్చిరి. ఆ చేర్పు నాఁటితో నాగిపోయెను. మఱియు నచ్చులోఁ బద్యము నాలుగు వరుసలుగాఁ గంటియెదుట నిలిచెను. పాదాంతమును జెవి వెదకవలసిన పనిలేదు. పద్యము చదువఁబడునది గాక చూడఁబడునది యయ్యెను. టీక పుస్తకములోనే యుండుటచేఁ బౌరాణికుఁడే పుస్తకములోనికి వచ్చి కూర్చుండినట్లుండును. కాని యా పౌరాణికుని బ్రశ్నింప వీలులేదు. పాఠశాలలలో నన్వయమును, ప్రతిపదార్థమును బరీక్షాపత్రమునకు సమాధానములైనవి. ప్రశ్న వినువానినుండి రావలసినది, పరీక్షకునినుండి రాసాగెను.

రంగస్థలము

అచ్చు తీసివేసిన గొంతును రంగస్థలము తిరిగి యిచ్చెను. బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యులుగారు సరసవినోదిని సభతోఁ బ్రారంభించిన నాటకోద్యమమున పద్యము రాగతాళములతోఁ బ్రవేశించెను. 1885లోఁ గడపమండలపు సురభిగ్రామమునఁ బుట్టిన నాటకసమాజము, తోలుబొమ్మలాటలకు నలవాటుపడిన కుటుంబములనుండి వచ్చినదై, యూరూరఁ బందిళ్లు వేసి పౌరాణికకథల నాడెను. తిరుపతి వేంకటకవులు అవధానసభలలోఁ బదునుపెట్టిన పద్యమును నాటకమున నుంచిరి. వారి పాండవోద్యోగవిజయములలోని పద్యములను పశువులఁ గాచువారును, బండ్లు తోలువారును బాడుచుండిరి. చదువరులకంటె వినువరులు పెక్కురు గల దేశమున నిది సామాన్యవిజయము కాదు.

ఇచ్చట వినువాని ప్రతివచనము మిక్కిలి బలవత్తరమైనది. "వన్స్‌మోరు" అను కేక వచ్చినచో రాజైనను, మృతుఁడైనను లేచి పద్యమును దిరిగి పాడవలెను. ఈ ప్రతివచనమే క్రమముగా నాటకస్వరూపమును మార్చెను. ప్రేక్షకుఁడు కోరినది రాగము. నటుఁడు పెంచినది రాగము. శ్రీకృష్ణపాత్రకు రంగమునకొక గాయకుని నియమించి, ఒకటవ కృష్ణుఁడు, రెండవ కృష్ణుఁడు అని పిలుచు నాచారమేర్పడెను. పాత్ర యొకటియే యైనను గంఠములు వేఱు. జనులు వచ్చినది కంఠముల కొఱకు. పద్యార్థము రాగాలాపనలో మునిఁగిపోవుచున్నదని బళ్లారి రాఘవ (1880-1946) పలుమాఱు నిరసించి, స్వాభావికాభినయమును బోధించెను. ఆయన నిరసనలో సత్యమున్నది. కాని జనులు రాగమును గోరుట యజ్ఞానమువలననే యనుటయు సరికాదు. పద్యముయొక్క యర్థమును జెప్పు పౌరాణికుఁడు రంగస్థలమున లేఁడు. అర్థమందని చోట మనస్సు నాదమును బట్టుకొనుట సహజము.

రంగస్థలముయొక్క శక్తిని, దోషమును గూడఁ జూపు నుదాహరణ మొకటి గలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయము ప్రదర్శించునపుడు కాటిరంగమున గుఱ్ఱము జాషువా (1895-1971) శ్మశానవాటి ఖండికలోని పద్యములను నటులు చేర్చి పాడిరి. నాటకకర్త వ్రాయనివి, కథకు నవసరము గానివి, అయినను ఆ రంగమునకు నవియే ప్రాణములైనవి. అస్పృశ్యత ననుభవించి, సభలలో నవమానముల నెదుర్కొని, తన బాధను గబ్బిలము (1941) కావ్యమునఁ జెప్పుకొన్న కవి పద్యము, కులము నడుగని శ్మశానమును వర్ణించుచు, కులభేదములు పాటించు నూళ్లలోఁ దెల్లవాఱుదాఁక మ్రోఁగెను. పద్యమునకు లభించిన ప్రవేశము కవికి లభింపని యూళ్లును గలవు. మఱియు వినువారిలోఁ బెక్కురు అవి నాటకకర్తవే యనుకొనిరి. సాధనము పద్యమును మోసెను. కవిపేరును మాత్రము దారిలో విడిచెను. పద్యమును మెచ్చిన సంఘము దానిని వ్రాసినవానికి ఋణపడితి నని యెఱుఁగకుండుట స్వల్పవిషయము కాదు.

గ్రామఫోను ఫలకము

1877లో ఎడిసను ధ్వనిలేఖనయంత్రమును గనిపెట్టెను; 1887లో బెర్లినరు బిళ్లరూపమైన ఫలకమును గల్పించెను. 1902లోఁ గలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి పాటలు ఫలకములకెక్కినవి. కొలఁదికాలమునకు దక్షిణదేశపు గాయకులును, నాటకనటులును ఆ త్రోవఁ బట్టిరి. సామాన్యమైన పదియంగుళముల ఫలకము నిమిషమునకు సుమారు 78 మాఱులు తిరుగుచు నొక్కొక్కప్రక్కను దాదాపు 3 నిమిషములు పలుకును. 1925 ప్రాంతమున మైక్రోఫోను వచ్చువఱకు గాయకుఁడు కొమ్ములోనికి గట్టిగాఁ బాడవలసియుండెను. ఈ రెండు నియమములును యంత్రమువి, కళవి కావు. అయినను కళ వానికి లోఁబడెను.

3 నిమిషములలో నేమి యిముడును? రాగము తీసి, పద్యమును బాడి, చివర నొక యాలాపన చేయుట కది చాలును. కథాసందర్భము, ఎదిరిపాత్ర ప్రత్యుత్తరము, తరువాతి పద్యము, ఇవి యిమడవు. నాటకములను వరుసగాఁ బెక్కు ఫలకములలోఁ గూర్చి యమ్మినను, జనులలో నెక్కువగాఁ బ్రచారము నొందినవి విడిపద్యములే. ప్రబంధకథనుండి వేఱుపడిన పద్యము చాటువువలె నిలిచెను. పాడువాని పేరు ఫలకముమీఁదఁ బెద్దయక్షరములతో నుండెను. వ్రాసినవాని పేరు చాలచోట్ల లేకపోయెను. ఒక ప్రసిద్ధనటుఁడు ఫలకములోఁ బాడిన తీరే తక్కిన నటులకుఁ బ్రమాణమయ్యెను. ఊరూరికొక బాణీ యుండినచోట, ఒకే బాణీని వందలకొలఁది గొంతులు తిరిగి పలికినవి.

ఇక్కడ జర్మనుదేశపు విమర్శకుఁడు వాల్టర్ బెన్యమిన్ (1892-1940) సిద్ధాంతమొకటి స్మరింపఁదగును. యంత్రముతోఁ బ్రతులు తీయఁగల కాలమునఁ గళాకృతి తన యేకైకతవలనఁ గలిగిన మహిమను గోల్పోవునని యాతఁడు 1936లోఁ బ్రకటించిన వ్యాసమునఁ బ్రతిపాదించెను. చిత్రమునకును శిల్పమునకును ఈ మాట యొప్పును. పద్యమున కొప్పదు. నన్నయ స్వహస్తముతో వ్రాసిన యాకు నేఁడు లేదు. అది లేదని భారతపద్యమునకు లోపము గలుగలేదు. పద్యము మొదటినుండియుఁ బ్రతిరూపములలోనే జీవించినది. ఒక్కొక్కనోట నది యొక్కొక్క ప్రతి. కావున యంత్రము పద్యమునకుఁ జేసిన మార్పు ప్రతులను బెంచుట కాదు. ప్రతి తీయువానిని మార్చుట. పూర్వము ప్రతి తీసినవాఁడు పద్యమును నేర్చినవాఁడు. నేర్చుటకై యర్థమో, ఛందస్సో కొంత తెలిసినవాఁడు. ఫలకమున యంత్రమే ప్రతి తీయును. వినువాఁడు నేర్వకయే పద్యమును గలిగియుండవచ్చును.

రేడియో

అఖిలభారత రేడియో యను నామము 1936లో నేర్పడెను. మద్రాసుకేంద్రము 1938 జూను 16వ తేదిని, విజయవాడకేంద్రము 1948 డిసెంబరు 1వ తేదిని బ్రారంభమైనవి. రేడియో ఫలకమువలెఁ గొన్నవారిదే కాదు. పంచాయితీ కార్యాలయపు టరుగుమీఁద నొక్కపెట్టె యున్నచో నూరంతయు వినవచ్చును. దూరముగా నుంచఁబడినవాని చెవికిని, అరుగుమీఁదివాని చెవికిని శబ్దమొక్కటే. ఈ విషయమున రేడియో, పౌరాణికుఁడు చేయలేని పనిని జేసెను.

రేడియోకుఁ గాలనియమ మున్నను ఫలకమంత యిఱుకు లేదు. పద్యనాటకములు, కావ్యపఠనములు, సాహిత్యప్రసంగములు ప్రసారమైనవి. విజయవాడకేంద్రమునుండి ఉషశ్రీ (1928-1990) చేసిన రామాయణభారతప్రవచనములకుఁ బల్లెలలో జనులు పనులు మాని పెట్టెచుట్టుఁ జేరిరి. ధర్మసందేహములను కార్యక్రమమున శ్రోతలు వ్రాసిన జాబులకు నాయన సమాధానములు చెప్పెను. ఇందుఁ గమనింపఁదగిన దేమనఁగా, ఏకముఖమైన యంత్రమునఁ బ్రశ్నకుఁ ద్రోవ చేయఁబడినది. రచ్చకట్టమీఁద "అదెట్లు?" అని యడిగినవాఁడు తపాలామూలమున దిరిగి వచ్చినాఁడు. జాబు చేరుటకు దినములు పట్టవచ్చును. సమాధానము వారమునకు రావచ్చును. అయినను ఒకరి సందేహము వేలమంది వినుటవలన, అడుగనేరని వారికిని దమ ప్రశ్న యడుగఁబడిన తృప్తి కలిగెను. ఆ కార్యక్రమమున కబ్బిన యాదరణకుఁ గంఠమాధుర్యమొక్కటే కారణము కాదు.

చలనచిత్రము

ఎచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో నిర్మింపఁబడిన భక్తప్రహ్లాద 1932లో విడుదలయయ్యెను. తొలి తెలుఁగు మాటాడు చిత్రము రంగస్థలమున నాడుచున్న కథయే. అందు సురభి నటులు పాల్గొనిరి. తోలుబొమ్మలాటనుండి రంగస్థలమునకు వచ్చినవారు అచ్చటనుండి తెరకెక్కిరి. తెరతోడి సంబంధము మాత్రము తలక్రిందయ్యెను. తోలుబొమ్మలాటలోఁ దెరవెనుకనున్న కళాకారుఁడు తెరముందటి జనుల సందడి వినుచు నాట నడుపును. చలనచిత్రమున నటుఁడు తెరమీఁద నున్నను, జనులకు దూరముగా నుండును. "వన్స్‌మోరు" అని యఱచినను బొమ్మ యాగదు.

చిత్రమునఁ బద్యమునకుఁ గలిగిన లాభమును మఱవరాదు. రాగము హద్దులో నిలిచెను; పద్యమునకుఁ గథాసందర్భము తిరిగి లభించెను; తెరమీఁది దృశ్యమే కొంత వ్యాఖ్యానమయ్యెను. నర్తనశాల (1963) చిత్రమున ఘంటసాల (1922-1974) కంఠమునఁ దిక్కన విరాటపర్వపద్యము వినిన లక్షలజనులలోఁ దిక్కనభారతమును విప్పినవారు మిక్కిలి కొలఁదిమంది. ఆ పద్యము 13వ శతాబ్దిదని తెలియకయే వారు దాని గాంభీర్యము ననుభవించిరి. భట్టనాయకుఁడు చెప్పిన సాధారణీకరణము పండితులకే పరిమితము కాదనుట కిది ప్రబలప్రమాణము.

కాని చిత్రమునకుఁ బెట్టుబడి కావలెను. తేటగీతికి నోరు చాలును. నాటకమునకుఁ బందిరి, పరదాలు కావలెను. చిత్రమునకు లక్షలు కావలెను. పెట్టుబడి పెట్టినవాఁడు జనుల యభిరుచిని ముందుగా నూహించి నిర్ణయించును. ఊహ తప్పినచో నష్టము, ఒప్పినచో ననుకరణము. పౌరాణికచిత్రములు పోయిన పిమ్మటఁ బద్యము తెరమీఁద నరుదగుటకుఁ గారణము జనులు దానిని నిరాకరించుట యని చెప్పుట తేలిక. నిరాకరించుటకు వారి కెవ్వరును దాని నిచ్చి చూడలేదనుట సత్యమునకు సన్నిహితము. మఱియు నధికారులు, ధనికులు తలఁచినచోఁ జిత్రము నాపవచ్చును. గూడవల్లి రామబ్రహ్మము రైతుబిడ్డ (1939) చిత్రము జమీందారుల వ్యతిరేకతకు గుఱియై కొన్నిచోట్ల నిషేధింపఁబడెను. 1907నాఁటి తేటగీతి కిట్టి యాటంకము లేదు.

నేఁటి స్థితి

నేఁడు చేతఁబట్టుకొను ఫోనులోఁ దాళపత్రముల ఛాయాచిత్రములు, నిఘంటువులు, పాతఫలకములు, చిత్రములు, అవధానసభలు అన్నియు లభించుచున్నవి. అమెరికాలోని తెలుఁగుబాలుఁడు తెనాలిలోని గురువునొద్ద యంత్రముద్వారమునఁ బద్యము నేర్చుకొనవచ్చును. ఇది వఱ కే సాధనమును నీయని సౌకర్యమిది. ప్రతివచనమున కవకాశము గలదు గాన నిది రచ్చకట్టకు సమీపమైన సాధనమని తోఁచును. కాని యాచరణలో నెక్కువగాఁ బ్రచారము నొందునవి నిమిషములోపలి తునుకలు. యంత్రము 3 నిమిషములు మాత్రమే పలికిన కాలమున ఫలకమునకు వేఱు గతి లేదు. నేఁటి యంత్రమున కట్టి నిర్బంధము లేదు; చూపఱి నిలుపుకొను లాభముకొఱకు నిర్బంధము కల్పింపఁబడినది. కవిపేరు మఱుఁగుపడుట, సందర్భము తెగిపోవుట, ఒకే బాణీ యంతటను వినఁబడుట అను పూర్వదోషములు తిరిగి వచ్చినవి.

పై విచారణవలన నొక సంగతి తేలుచున్నది. జనసామాన్యసాధనములు కళను జెఱచుననువారును, ఎట్లయినను జనులకుఁ జేరుటయే చాలుననువారును సగముసత్యమునే చెప్పుచున్నారు. ప్రతిసాధనమును పద్యములో నొకయంశమును నిలిపి యొకయంశమును విడిచినది. అచ్చు పాఠమును నిలిపి గొంతును విడిచెను. రంగస్థలము గొంతును నిలిపి యర్థమును విడిచెను. ఫలకము నాదమును నిలిపి సందర్భమును, కవిపేరును విడిచెను. చిత్రము సందర్భమును నిలిపి ప్రేక్షకుని మాటను విడిచెను. కాఁగా నొకసాధనమును బరీక్షించునపుడు అది యెందఱికిఁ జేరెననునది మొదటిప్రశ్న మాత్రమే. చేరినవారు తిరిగి మాటాడుటకు వీలున్నదా, వారి మాట కళనుజేయువానిని జేరునా, యనునది రెండవప్రశ్న. రెండవప్రశ్నకు లేదను సమాధానము వచ్చినచోట సంఘము శ్రోతగా మాత్రమే మిగులును, సహృదయపదవి కెక్కదు.

పాఠశాలపండితుని స్థాన మిక్కడనే యున్నది. పద్యమును రాగయుక్తముగాఁ బాడుటలో నాతఁడు ఘంటసాలతోఁ బోటీపడఁబనిలేదు. టీక చెప్పుటలో వావిళ్లవారి పుస్తకముతోఁ బోటీపడఁబనిలేదు. ఫలకమును వినిపింపవచ్చును, చిత్రమును జూపవచ్చును. తరువాత నా పద్య మెవరిదో చెప్పి, దాని ముందువెనుకల కథను జెప్పి, విద్యార్థిచేఁ బలికించి, వాఁడడిగిన దానికి నిలిచి సమాధానము చెప్పుట యే యంత్రమును జేయని పని. కాటిరంగపద్యములు పాడుకొను బాలునకు జాషువా పేరు చెప్పుటతోనే యా పద్యములకు వేఱొక యర్థము తోఁచును. ఆ శ్మశానము కవి కెందులకు నచ్చెనో యడుగవలె ననిపించును.

చిలకమర్తివారి తేటగీతి యెట్లు దేశమంతటను వ్యాపించెనో యిప్పుడు తెలియును. దానిని వినినవాఁడు మఱియొకనికిఁ జెప్పవలెనన్నచో ముందుగాఁ దాను నేర్వవలెను. చెప్పినపిమ్మట ఆ గొల్ల లెవరని రెండవవాఁ డడిగినచోఁ దానే బదులు చెప్పవలెను. ప్రతివినువాఁడును అట్లు కొంతసేపు పౌరాణికుఁ డయ్యెను. నూతనసాధనముల నెన్నింటి నుపయోగించినను ఈ యొక్కపనిని విద్యార్థిచేఁ జేయించు మార్గమును విజ్ఞులగు పండితులు విచారింతురు గాక.